ఒక్క వారం ఆగు అక్కా

బావ పోయిన నలభయ్యో రోజు ఫాతిహాకి నందిగామ వెళ్తూ, ఏమనిపించిందో, చిల్లకల్లు దగ్గరే బస్సు దిగేసి జగ్గయ్యపేట ఆటో ఎక్కాను. మా వీధి పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. మా ఇల్లున్న చోట టైల్స్ దుకాణం ఉంది. పక్కనున్న కిరాణా వాళ్ళ మేడ అలాగే ఉంది గానీ అందులో ఎవరూ నన్ను గుర్తుపట్టేవాళ్ళు లేరు. దుకాణం కుర్చీలో కూర్చున్నాయన "ఏం కావాలండి?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక, బాత్‌రూమ్ గోడలకి తెల్లవి చూపించమన్నాను. ఆయన చూపిస్తుంటే నేను లోపలికంటా చూశాను. నాన్న దూది ఏకే వసారా ఎక్కడుండేదో, అమ్మ పొయ్యి ఎక్కడుండేదో, అక్క గోడకి ఆనుకుని కూర్చునే చోటు ఎక్కడుండేదో అడుగులు వేసి చూసుకున్నాను. అక్క చోటులో ఇప్పుడు వాష్ బేసిన్లు పేర్చి ఉన్నాయి.

మేము దూదేకులవాళ్ళం. పేట అంతా నాన్నని పరుపుల మస్తాన్ అనేవాళ్ళు. అమ్మకి ఖురాన్ సూరాలు నోటికి వచ్చేవి, మిగతా మాటలన్నీ తెలుగే. పొద్దున్నే నాన్న ముక్కుకి తువ్వాలు చుట్టుకుని విల్లు మీటడం మొదలుపెడితే ఆ మోత మధ్యాహ్నం దాకా ఆగేది కాదు. మా అన్నంలో, నీళ్ళబిందె మూత మీద, అమ్మ కనుబొమల మీద దూది నూగు. ఊళ్ళోకి వచ్చే సున్నపురాయి లారీల దుమ్ము దాని మీద మళ్ళీ ఒక పొర. కొత్త దూదికి ఒక తియ్యటి వాసన ఉంటుంది, పాత పరుపు విప్పితే వచ్చే చెమట వాసన వేరు. రెండూ కలిసిన వాసనే నాకు మా ఇల్లు. పరుపు కుట్టేటప్పుడు నాన్న మాట్లాడేవాడు కాదు. దబ్బనం ఒకవైపు దించి, చూడకుండానే అవతలివైపు వేలితో అందుకునేవాడు. ప్రతి ముడినీ రెండుసార్లు లాగి చూసేవాడు. వచ్చిన వాళ్ళు తొందరపెడితే, "ఊడితే నన్ను తిట్టేది మీరు కాదండి, మీ నడుము" అని నవ్వేవాడు. ఆ దుమ్ముకి ఆయన దగ్గు ఏనాడూ తగ్గలేదు.

మా అక్క పేరు మీరాబీ. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. చిన్నప్పుడు ఒక వర్షాకాలంలో గొంతునొప్పితో జ్వరమొచ్చింది. తర్వాత మోకాళ్ళు, మణికట్లు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. వాపులు పోయాయి గానీ ఆ జ్వరం గుండెలో ఒక కవాటాన్ని పట్టుకుని కూర్చుంది. ఈ మాటలు ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, మూడు వారాలకొకసారి అక్కకి సూది వెయ్యాలి. కాంపౌండరు గారి దగ్గరికి నేను తోడు వెళ్ళేదాన్ని. పెద్ద సూది, చిక్కటి మందు. తుంటి మీద వేయించుకుని అక్క ఇంటిదాకా కాలీడ్చుకుంటూ వచ్చేది, నన్ను పట్టుకుని. "ఏడవొచ్చుగా" అంటే, "ఏడిస్తే ఆయాసం వస్తదే" అనేది. పడుకుంటే ఊపిరాడేది కాదు. దిండ్లు ఎన్ని పెట్టినా నిద్రలో జారిపోయేవి. అందుకని నాన్న ఒక పరుపు కుట్టాడు, తలవైపు ఎత్తుగా, నడుము దగ్గరికి వచ్చేసరికి వాలుగా. అటువంటిది ఆయన అంతకుముందు కుట్టలేదు, తర్వాత ఎవరికీ కుట్టలేదు. పెళ్ళయి వెళ్ళేటప్పుడు అక్క దాన్ని నందిగామ తీసుకెళ్ళింది.

పదో తరగతితో అక్క చదువు ఆగింది. ఇంటర్ కాలేజీ మేడమీద ఉండేది, మెట్లు ఎక్కలేకపోయింది. ఆగిన తన చదువుని నా చేత చదివించింది. నేను ఇంటర్ చదివేటప్పుడు బైపీసీ పుస్తకాలు నాకన్నా ముందు తను చదివి, నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అప్పజెప్పించుకునేది. పూనాలో మిలిటరీ మెడికల్ కాలేజీ ఉందని, ఆడపిల్లల్ని కూడా తీసుకుంటారని లైబ్రరీలో పేపరు చూసి చెప్పింది కూడా తనే. అప్లికేషన్ తన చేతిరాతతోనే నింపింది. సీటు వచ్చినట్టు కాగితం వచ్చినరోజు నాన్న విల్లు పక్కన పెట్టాడు.

"మిలిటరీకా? ఆడపిల్లనా?" అన్నాడు.

"చదువు, తిండి, బట్ట అన్నీ వాళ్ళే చూసుకుంటారు నాన్నా. డాక్టరయి వస్తది."

"ఎక్కడో సరిహద్దులకి పంపితే?"

"పంపితే వెళ్తది. దీన్ని పంపకపోతే మాత్రం నేనింక సూది వేయించుకోను. చెప్తున్నా."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న అక్క వంక చూసి, నా వంక చూసి, మళ్ళీ విల్లు అందుకున్నాడు. అదే ఆయన ఒప్పుకోవడం.

పూనాలో మొదటి ఏడాది నాకు వచ్చిన భాషలు రెండే, తెలుగూ మౌనమూ. తెల్లారకముందే లేచి డ్రిల్లు, బూట్ల మెరుపు, పక్క దుప్పటి మీద ముడత ఉంటే శిక్ష. అన్నీ తట్టుకున్నాను, ఎందుకంటే అక్క ఉత్తరాల్లో అన్నీ అడిగేది. శవం కోసేటప్పుడు భయం వేసిందా? గుండె పిడికిలంత ఉంటుందంట, నిజమేనా? ఎవరి పిడికిలంత? మూడో ఏడు సెలవలకి కొత్త స్టెతస్కోపు మెడలో వేసుకుని ఇంటికొచ్చాను. అక్క నవ్వుతూ గోడకి ఆనుకుని, "ఏదీ, విను" అంది. విన్నాను. రెండు చప్పుళ్ళ మధ్య నిశ్శబ్దం ఉండవలసిన చోట, రాత్రిపూట హైవే మీద బరువు లారీ దూరంగా పోతున్నట్టు ఒక గుడగుడ. పుస్తకంలో చదివిన వర్ణనకి అచ్చు గుద్దినట్టు ఉంది. నాకు ముందు సంతోషం వేసింది, గుర్తుపట్టగలిగానని. ఆ తర్వాతే అది అక్క గుండె అని గుర్తొచ్చింది. ఆ వరస నేను ఎన్నడూ మర్చిపోలేదు.

కరీముల్లా బావ నందిగామలో కోర్టు ఎదురుగా టైపు మిషను పెట్టుకుని వకీళ్ళకి కాగితాలు కొట్టేవాడు. సంబంధం చూడడానికి వచ్చినప్పుడు అక్క ఎవరూ చెప్పకుండా తనే మొదలుపెట్టింది. "నాకు గుండె జబ్బుంది. బరువులు ఎత్తలేను. మెట్లు ఎక్కలేను."

బావ తల వంచుకునే ఉన్నాడు. "మా ఇంటికి మెట్లు లేవండి" అన్నాడు.

పెళ్ళయిన రెండేళ్ళకి హైదరాబాదులో బెలూన్ వేసి అక్క కవాటాన్ని వెడల్పు చేశారు. పదేళ్ళు ఢోకా లేదన్నారు. ఆ తర్వాతే షాహీన్ పుట్టింది. పురిటినొప్పులు మొదలైనప్పటి నుంచి పిల్ల ఏడుపు వినపడేదాకా ఆసుపత్రి వరండాలో బావ నిలబడే ఉన్నాడని అమ్మ చెప్పేది.

చదువయ్యి మిలిటరీ డాక్టరుగా కమిషన్ తీసుకున్నాక నన్ను కొండల్లో ఒక చిన్న మిలిటరీ ఆసుపత్రికి పంపారు. నాన్న పోయినప్పుడు నేనక్కడే ఉన్నాను. దారులు మంచుతో మూసుకుపోయాయి, రాలేకపోయాను. అక్కడే ఒక రోజు, ఛాతీలోకి ఇనుప ముక్క దూసుకుపోయిన సిపాయిని తెచ్చారు. పెద్ద సర్జన్ ఆలోచించకుండా ఛాతీ తెరిచాడు. గుండెకి చిల్లు. ఆయన ఆ చిల్లు మీద వేలు పెట్టి, "కుట్టు" అన్నాడు నాతో. కుట్టాను. కొట్టుకుంటున్న గుండెని, వేలికింద ఎగిరిపడుతున్నదాన్ని, నాలుగు కుట్లు వేసి ముడి రెండుసార్లు లాగి చూశాను. మనిషి బతికాడు. అక్క కోసమే నేను గుండె డాక్టరునయ్యానని మా వాళ్ళంతా అనుకున్నారు. నేనూ అలాగే చెప్పుకునేదాన్ని. కాదు. ఆ రోజు నా చేతికి ఒక రుచి తగిలింది. దాన్ని మళ్ళీ మళ్ళీ కావాలనుకున్నాను. అక్క పేరు ఆ ఆకలికి తొడిగిన మర్యాద.

జనరల్ సర్జరీ మూడేళ్ళు, తర్వాత ఉత్తరాన ఒక పెద్ద మిలిటరీ ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్స మూడేళ్ళు. మా బ్యాచ్‌లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మాకు గురువు ఒక కల్నల్ గారు. తక్కువ మాట్లాడే మనిషి. స్టీలు గ్లాసు అడుగున కొక్కెం అతికించి, గ్లాసు కదలకుండా లోపల దారం ముడులు వెయ్యమనేవారు. గ్లాసు బల్ల మీద జరిగిన చప్పుడైతే మళ్ళీ మొదటికి. రోజుకి వంద ముడులు. మెస్‌లో అందరూ టీవీ చూస్తుంటే నేను గ్లాసు ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. కసాయి దగ్గర మేక గుండెలు తెచ్చుకుని, వాటి కవాటాలు తీసి కుట్టి, కుట్టి తీసేదాన్ని. అయినా ఆపరేషన్ బల్ల దగ్గర నా పని మూడో చెయ్యే. పట్టుకో, పీల్చు, దారం కొయ్యి. మూడో ఏడు వచ్చేసరికి నాతోటి మగవాళ్ళందరికీ తలా ఒక కవాటం చేసే అవకాశం వచ్చింది. నాకు రాలేదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చేది.

అప్పుడే అక్కకి మళ్ళీ ఆయాసం మొదలైంది. కవాటం మళ్ళీ మూసుకుపోతోంది. ఈసారి బెలూన్ పనికిరాదు, మార్చెయ్యాల్సిందే. పెళ్ళయిన తోబుట్టువుకి మా ఆసుపత్రిలో వైద్యం చేయించే వీలు లేదు. నేను పైవాళ్ళ చుట్టూ తిరిగి ప్రత్యేకంగా పర్మిషన్ తెచ్చుకున్నాను. కల్నల్ గారు ఆపరేషన్ చేస్తానన్నారు. నేను వెళ్ళి తీసుకురావాలి, అంతే మిగిలింది. ఫోన్ చేశాను.

"ఏమే, తిన్నావా?" అంది అక్క. ఎప్పుడూ ముందు అదే ప్రశ్న.

"తిన్నా. ఎట్లా పడుకుంటున్నావ్?"

"నాన్న పరుపు... చాలట్లేదే. దాని మీద ఇంకో రెండు దిండ్లు." మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. "విజయవాడలో చేస్తారంట... కార్డు మీద. బావ కనుక్కొచ్చాడు. తొందరగా రమ్మన్నారంట."

"అక్కడొద్దక్కా. మా సార్‌లాంటి చెయ్యి ఇంకొకరికి లేదు. పైగా నేను పక్కనే ఉంటా."

"సరే. నువ్వెట్లా అంటే అట్లా."

రెండు దిండ్లన్న మాట చాలు. ఒక మాటకి రెండుసార్లు ఊపిరి అందుకోవడం చాలు. అదే మాట ఏ సిపాయి భార్యో చెప్పి ఉంటే ఆ రోజే వార్డులో చేర్చేదాన్ని. నాకు శనివారం నుంచి లీవు శాంక్షన్ అయింది. టికెట్ తీసుకున్నాను. శుక్రవారం రౌండ్లు అయ్యాక కల్నల్ గారు వరండాలో నన్ను ఆపారు.

"మంగళవారం హవల్దార్ భార్య కేసు ఉంది కదా. అది నువ్వు చెయ్యి. నేను అవతలి పక్క నిలబడతాను" అన్నారు. తర్వాత గుర్తొచ్చి, "నీది రేపటి నుంచి లీవు కదూ? మీ అక్కగారు ఎలా ఉన్నారు? ఆగే పరిస్థితి కాకపోతే వెళ్ళు. ఈ కేసు ఇంకొకరికి ఇస్తాను."

ఇంకొకరికి అన్న మాటే నాకు వినపడింది. "అక్క బాగానే ఉంది సార్. వచ్చే శనివారం వెళ్తాను" అన్నాను.

ఆ సాయంత్రం నందిగామకి ఫోన్ చేశాను. "లీవు దొరకలేదక్కా. ఒక్క వారం ఆగు."

అక్క ఊపిరి అందుకుంది. "మిలిటరీ కదా... మన చేతుల్లో ఏముందిలే" అంది. "నువ్వేం కంగారుపడకు."

మంగళవారం ఆ ఆపరేషన్ నేను చేశాను. ఒంట్లో రక్తాన్ని నడిపే పంపు మీదికి తీసుకున్నాక గుండె నెమ్మదించి, ఒక్కసారి వణికి, ఆగిపోయింది. కవాటం చేప నోరంత సన్నగా, గట్టిపడి ఉంది. అక్క గుండెలో ఉన్నదీ అదే. తెలుసు. కానీ ఆ సమయంలో నాకు అక్క గుర్తు రాలేదు, ఇది నిజం. దాన్ని కత్తిరించి తీసి, కొత్త కవాటం చుట్టూ కుట్లు వేసి దించి, ఒక్కొక్క ముడీ వేశాను. కల్నల్ గారు ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. రక్తనాళానికి పెట్టిన క్లాంపు తీశాక గుండె రెండుమూడు సార్లు తడబడి, లయ అందుకుంది. "చెయ్యి వచ్చింది నీకు" అన్నారాయన. ఆ రోజు మెస్‌లో అందరికీ నేనే మిఠాయి తెప్పించాను. నా అంత ఆనందంగా ఉన్న మనిషి ఆ కంటోన్మెంట్‌లో లేదు.

గురువారం మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. పొద్దున లేచి టీ పెట్టిందట. గ్లాసు తెచ్చిస్తూ గుమ్మంలో కూలబడిందట. నోటి వెంట ఎర్రటి నురగ. అంబులెన్స్‌లో విజయవాడ బయల్దేరారు. కంచికచర్ల దాటకముందే పోయింది. బావ ఇదంతా కాగితం చదువుతున్నట్టు ఒకే గొంతుతో చెప్పాడు.

నేను నందిగామ చేరేసరికి శనివారమైంది. ఖననం ఎప్పుడో అయిపోయింది. అమ్మ ఒక మూల గోడకి తిరిగి పడుకుంది. తొమ్మిదేళ్ళ షాహీన్ వాలు పరుపు మీద నిద్రపోతోంది. బావ నాకు అన్నం పెట్టాడు, ఎదురుగా కూర్చున్నాడు.

"విజయవాడలో బుధవారానికి బెడ్ ఇస్తామన్నారమ్మా" అన్నాడు. "వెళ్దామన్నా. మీ అక్క వినలా. అది అంతగా తిరిగి పర్మిషన్ తెచ్చుకుంది, ఇప్పుడు నేను వేరేచోట చేయించుకుంటే నొచ్చుకుంటది అంది."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. "లీవు దొరికింది బావా" అన్నాను.

"ఏంటీ?"

"పోయిన శనివారం నుంచే దొరికింది. నాకు ఒక ఆపరేషన్ ఇచ్చారు. దానికోసం నేనే ఆగా. అక్కకి అబద్ధం చెప్పా."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. లేచి పెరట్లోకి వెళ్ళి, శుభ్రంగా ఉన్న చేతులే చాలాసేపు కడుక్కుని వచ్చాడు.

"ఎవరికి ఆపరేషను?"

"ఒక హవల్దార్ భార్యకి."

"బతికిందా?"

"బతికింది. బాగుంది."

తలూపాడు. అమ్మ పడుకున్న వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఈ మాట ఇంకెవరికీ చెప్పకు. అత్తయ్య తట్టుకోలేదు. ఈ పిల్లకి అమ్మ తరపున రేపు నువ్వొక్కదానివే మిగులుతావు. దానికి నువ్వు కావాలి." ఇంతలో ఎవరో పరామర్శకి వచ్చారు. బావ లేచి ఎదురువెళ్ళి, నా వైపు చూపిస్తూ, "పాపం లీవు ఇవ్వలేదండి వాళ్ళు" అన్నాడు. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన ఆ మాట మార్చలేదు. నన్ను క్షమించాడో లేదో చెప్పలేదు. నేను అడగలేదు. పండక్కి వెళ్తే మర్యాదగా కుర్చీ వేసేవాడు, తను మాత్రం ఏదో పని ఉన్నట్టు కోర్టు వైపు వెళ్ళిపోయేవాడు.

ఆ తర్వాత నేను చేసిన ఆపరేషన్ల గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే వింటూ కూర్చుంటాను. కల్నల్ గారు రిటైరయ్యే రోజు, తన శిష్యుల్లో చక్కటి చెయ్యి నాదేనన్నారు. ఏ కవాటం తెరిచినా, అది తీసి పారేసేముందు ఒక క్షణం చూసేదాన్ని. అంతకుమించి ఏమీ జరిగేది కాదు. ఏడుపు రాలేదు, ప్రాయశ్చిత్తం అనిపించలేదు. ఒకరు బతికితే ఇంకొకరి చావు తగ్గుతుందని లెక్క కట్టే యంత్రం ఏదీ నాకు దొరకలేదు. అప్పట్లో పేట నుంచి గుండె ఫోటో తీయించుకోవాలంటే ఒక రోజు ప్రయాణం. ఇప్పుడు నందిగామ మెయిన్ రోడ్డు మీదే ఆ పరీక్షకి బోర్డులున్నాయి. అక్కకి వచ్చిన జబ్బు పిల్లల్లో ఇదివరకంత కనపడటం లేదు, గొంతునొప్పి దగ్గరే మందు పడుతోంది. నేను సగం జీవితం పెట్టి నేర్చుకున్న పని ఎవరికీ అవసరం లేకుండా పోతే మంచిదే. నాకెందుకు అవసరమయ్యిందో మాత్రం తెలిసిన మనిషి నలభై రోజుల క్రితం వెళ్ళిపోయాడు.

ఫాతిహా అయి, భోజనాలు అయ్యాక షాహీన్ నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చింది. నడక అక్క నడకే, తొందర లేని నడక. దారిలో తనతో పనిచేసే టీచరొకామె ఎదురైతే నా చెయ్యి పట్టుకుని నిలబెట్టింది.

"మా పిన్ని, చెప్పానే, మిలిటరీలో గుండె సర్జన్. అప్పుడు పిన్ని రాగలిగి ఉంటే మా అమ్మ బతికేది. నాన్న ఎప్పుడూ అదే అనేవాడు, లీవు ఇవ్వలేదంట పాపం." నా వైపు తిరిగింది. "కదా పిన్నీ?"

కళ్ళల్లో అంత నమ్మకం. ఆ టీచరు జాలిగా నా వంక చూస్తోంది.

"అవునమ్మా" అన్నాను. "ఇవ్వలేదు."

బస్సులో కూర్చున్నాక తను కిటికీలోంచి నా చేతి మీద చెయ్యి వేసి, చేరగానే ఫోన్ చెయ్యమంది. చేరాను, చెయ్యలేదు. రెండుసార్లు తనే చేసింది, ఎత్తలేదు. ఇది రాస్తూ కూర్చున్నాను. ఎక్కడికన్నా పంపేముందు దీన్ని షాహీన్‌కి పంపుతున్నాను.